మా సాహెబా కట్టిన లెక్క

మా బౌరంపేట్‌లో విమానాల చప్పుడు ఎవరికీ కొత్త కాదు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పక్కనే కదా! మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నెత్తి మీద నుంచి శిక్షణ విమానం ఒకటి గుర్రుమంటూ పోతుంది. వడియాలు పెట్టుకుంటూ కూచునే మా అత్తగారైతే తలెత్తి చూడను కూడా చూడరు. కాకి వాలితే మాత్రం ఊరుకోరనుకోండి!

2025 మే 7, బుధవారం నాడు మాత్రం ఆ చప్పుడు వింటే నాకు గుండెలో కలుక్కుమంది. ఆ తెల్లవారుజామునే మన సేనలు సరిహద్దు అవతల దాడులు చేశాయన్న వార్త. సాయంత్రం 4 గంటలకి, యుద్ధమే వస్తే ఏం చెయ్యాలో జనానికి నేర్పడానికి హైదరాబాద్‌లో మాక్ డ్రిల్. ఎక్కడెక్కడో టీవీలో చదివారు. సికింద్రాబాద్, కంచన్‌బాగ్ డిఆర్‌డివో, అణు రియాక్టర్లకి ఇంధనం తయారయ్యే మౌలాలి ఎన్‌ఎఫ్‌సి, ఇంకా గోల్కొండ. సైరన్ మోగింది. వేసవి సెలవుల్లో ఇంట్లోనే ఉన్న మావాడు, ఎనిమిదో తరగతిలోకి వచ్చాడు, సోఫాలో పడుకుని జంతికలు నములుతూ, ఇన్ని తిప్పలెందుకమ్మా, అణుబాంబు వేస్తామని ఒక్క బెదిరింపు బెదిరిస్తే చాలదా, వాళ్ళే దారికొస్తారు అన్నాడు. క్రికెట్ స్కోరు చెప్పినంత తేలిగ్గా. మావారు నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. బెదిరింపు ఉత్తినే వస్తుందా? నెలనెలా పాలవాడి పద్దు దగ్గర్నుంచి స్కూలు ఫీజు దాకా రాసుకునేదాన్ని, నాకు దేనికైనా లెక్క కావాలి. పైగా ఆ నాలుగు పేర్లలో గోల్కొండ అన్న పేరు దగ్గరే నా మనసు ఆగిపోయింది. సైరన్లు లేని రోజుల్లో, 1656లో, ఆ కోట ఇలాగే గుండెలరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు పల్లకీ ఎక్కి శత్రువు శిబిరానికి బేరానికి వెళ్ళింది అరవై దాటిన ఒక పెద్దావిడ. రాజుగారి తల్లి, హయాత్ బక్షీ బేగం. జనం ఆవిడని మా సాహెబా అనేవారు. ఆ రాత్రి మావాడికి ఆవిడ కథే చెప్పాను.

హయాత్‌నగర్ బస్సు మనందరం చూసిందే. ఆ ఊరు ఆవిడ పేరు మీద వెలిసిందే. అక్కడి మసీదు, పెద్ద బావి ఆవిడ జ్ఞాపకాలే. మెహిదీపట్నం వెళ్ళే దారిలో మాసాబ్ ట్యాంక్ ఉంది చూడండి, ఆ మాసాబ్ కూడా ఈ మా సాహెబాయే అని పాత హైదరాబాద్ వాళ్ళు చెప్పుకుంటారు. రోజూ ఆ పేరు మీదుగా ఆఫీసులకి పోయి వస్తాం, ఎవరావిడ అని ఒక్కరం అడగం!

1591లో హైదరాబాద్ నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి ఈవిడ ఒక్కగానొక్క కూతురు. చార్మినారుతో పాటే పెరిగిన పిల్ల అనుకోవచ్చు. వారసుడిగా కొడుకు లేడు, ఉన్నది ఆడపిల్ల. వజ్రాల గనులూ, మచిలీపట్నం రేవూ ఉన్న రాజ్యం. ఇంక ఆ పిల్లని ఎవరు చేసుకుంటే వాళ్ళదే గోల్కొండ అని అందరి కళ్ళూ ఆవిడ మీదే. ఇరాన్ షా తన కొడుక్కి అడగడానికి రాయబారిని పంపాడని చరిత్రకారులు రాశారు. తండ్రి ఆలోచించి, 1607లో తమ్ముడి కొడుకు సుల్తాన్ మహమ్మద్‌కిచ్చి చేశాడు. మేనరికం కాకపోయినా ఇంటి సంబంధమే. పిల్లా ఇంట్లోనే ఉంటుంది, రాజ్యమూ ఇంట్లోనే ఉంటుంది. పెళ్ళి అంటే రాజకీయమని ఆవిడకి అంత చిన్న వయసులోనే తెలిసొచ్చి ఉండాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1612లో తండ్రి పోయాడు. భర్త సుల్తానయ్యాడు. మక్కా మసీదుకి పునాది వేసింది ఆయనే. శాంతస్వభావి, చదువుకున్నవాడు, నమాజులూ పుస్తకాలూ తప్ప వేరే వ్యసనాలు లేనివాడని పేరు. 1626లో ఆయనా పోయాడు. కొడుకు అబ్దుల్లాకి అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ముప్పైలలోనే వైధవ్యం, చేతిలో పసివాడు, చుట్టూ పదవుల కోసం కాచుకున్న అమీర్లు. అప్పటి నుంచీ దాదాపు నలభయ్యేళ్ళు గోల్కొండ వెనక ఉన్న బుర్ర ఆవిడదే.

ఆవిడ గురించి జనం చెప్పుకునే ఏనుగు కథ ఒకటుంది. చిన్న అబ్దుల్లా ఎక్కిన ఏనుగుకి మదం పట్టిందట. మావటిని చంపేసి పిల్లాణ్ణి వీపు మీద పెట్టుకుని అడవిలోకి పారిపోయింది. సైన్యం వెంటపడితే ఏనుగు ఇంకా బెదురుతుంది. అందుకని ఆవిడ ఏం చేసిందట, ఏనుగు పోయే దారుల్లో చెట్ల కొమ్మలకీ గోడల మీదా అన్నం మూటలూ నీళ్ళూ పెట్టించిందట, పిల్లాడు చెయ్యి చాచి అందుకునేలా. కొడుకు క్షేమంగా వస్తే ఏనుగుని కట్టే గొలుసంత బరువు బంగారు గొలుసు చేయించి హుస్సేనీ ఆలంకి సమర్పిస్తానని మొక్కుకుంది. ఏనుగు అలిసిపోయి తనంతట తనే తిరిగొచ్చింది. మొక్కు చెల్లింది. ఆ గొలుసు పేరుతోనే లంగర్ ఊరేగింపు మొదలై నిజాముల రోజుల్లో కూడా వైభవంగా సాగింది.

కథలో ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, నాకు మాత్రం ఆవిడ తత్వమంతా ఇందులోనే కనిపిస్తుంది. మదమెక్కినదాని వెనక కత్తి పట్టుకుని పరిగెత్తలేదు. అది అలిసేదాకా పిల్లాడు బతికుండేలా చూసుకుంది. తరవాత ఆవిడకి ఎదురైన ఏనుగు మొగల్ సామ్రాజ్యం.

1636లో షాజహాన్ సైన్యంతో దక్కనుకి దిగి, లొంగుతారా, మీదికి రమ్మంటారా అని కబురంపాడు. యుద్ధం లేదు. వట్టి బెదిరింపే. గోల్కొండ లొంగుబాటు పత్రం రాసిచ్చింది. ఏటా 2 లక్షల హొన్నులు కప్పం. మసీదుల్లో ప్రార్థనలో షాజహాన్ పేరు, నాణేల మీద షాజహాన్ పేరు. ఒక్క తూటా పేలకుండా పని అయిపోయింది. మావాడు చెప్పినట్టే, బెదిరిస్తే దారికొచ్చారు.

కానీ అసలు తిరకాసు ఆ తరవాతే ఉంది. ఇల్లు నడిపేవాళ్ళకి ఇది చక్కగా అర్థమవుతుంది, కాస్త ఓపిగ్గా వినండి. ఒప్పందం రాసినప్పుడు హొన్నుకి 4 రూపాయలు. అంటే ఏడాదికి 8 లక్షల రూపాయలు. గోల్కొండ వాళ్ళు అలాగే కడుతూ వచ్చారు. కాలం గడిచి బంగారం ధర పెరిగింది. హొన్ను నాలుగున్నర అయింది, 1654 నాటికి 5 రూపాయలైంది. అప్పుడు దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు, మీరు తక్కువ కట్టారు, ఇన్నేళ్ళ తేడా అంతా ఇప్పుడు కట్టండి అన్నాడు. 20 లక్షలు! ఎప్పుడో తీర్చేశామనుకున్న చీటీపాట బాకీ వడ్డీతో సహా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నట్టు. బెదిరింపుకి ఒకసారి లొంగితే పద్దు అక్కడితో మూసెయ్యరు, ఏటేటా తిరగరాస్తారు.

ఇది చాలదన్నట్టు ఇంట్లోనే ఇంకో ముసలం పుట్టింది. మీర్ జుమ్లా అని ప్రధాన మంత్రి. ఇరాన్ నుంచి వచ్చిన నూనె వర్తకుడి కొడుకు, వజ్రాల వ్యాపారంలో ఎదిగి గోల్కొండలో మంత్రి అయ్యాడు. గండికోట మొదలుకొని కర్ణాటకం దాకా గెలిచి, ఆ గెలిచినదంతా తన సొంతం అన్నట్టు కూర్చున్నాడు. వాళ్ళబ్బాయి మహమ్మద్ అమీన్ ఒకరోజు తాగి దర్బారుకొచ్చి సుల్తాను ఆసనం మీదే పడుకుని వాంతి చేసుకున్నాడట. ఎంత ఓర్పున్నవాళ్ళకైనా మండదూ? 1655 నవంబరులో అబ్దుల్లా ఆ కుర్రాణ్ణీ కుటుంబాన్నీ చెరలో పెట్టాడు. మీర్ జుమ్లా అప్పటికే మొగలుల వైపు చేతులు చాపి ఉన్నాడు. ఇంకేం, ఔరంగజేబుకి కావలసిన సాకు దొరికింది.

1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్ సైన్యంతో హైదరాబాద్ మీదికి వచ్చాడు. జవాబు చెప్పుకోవడానికి సరిపడా గడువు కూడా ఇవ్వలేదు. అప్పటికి మన నగరానికి ప్రహరీ గోడ లేదు. అబ్దుల్లా రాత్రికి రాత్రి గోల్కొండ కోటలోకి వెళ్ళిపోయాడు. నగరం దోపిడీ అయింది. రాజుగారి భవనాల్లోంచి అరుదైన పుస్తకాలతో సహా పట్టుకుపోయారు. పేటల్లో ఉండే మామూలు ఆడవాళ్ళ సంగతి ఎవరు రాశారు గనక! ఫిబ్రవరి మొదటి వారంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటకి ముట్టడి వేశాడు.

ఇదిగో, ఇప్పుడు మా సాహెబా పల్లకీ బయటికొచ్చింది. కొడుకుకి నలభై ఏళ్ళు దాటాయి, కానీ వెళ్ళింది తల్లి. ఆడది అని చులకన చెయ్యకుండా మొగలులు ఆవిడకి మర్యాదలు చేసి శిబిరంలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఆవిడకి ఒక విషయం బాగా తెలుసు, అది తెలియకపోతే బేరం కుదిరేదే కాదు. ఔరంగజేబుకి మొత్తం రాజ్యం కావాలి, కలిపేసుకుందామని తండ్రికి ఉత్తరాలు రాస్తున్నాడు. ఢిల్లీలో అన్న దారాషికో మాత్రం తమ్ముడు బలపడటం ఇష్టం లేక గోల్కొండ తరఫున తండ్రికి చెబుతున్నాడు. అంటే బెదిరించేవాడి ఇల్లే రెండుగా చీలి ఉంది. షాజహాన్ నుంచి ముట్టడి ఎత్తెయ్యమని ఆజ్ఞ రానే వచ్చింది. పళ్ళు కొరుక్కుంటూ ఔరంగజేబు మార్చి 30న ముట్టడి ఎత్తేశాడు.

ఉత్తినే ఎత్తాడా? కోటి రూపాయల జరిమానా. రామగిరి సీమ వదులుకోవాలి. అబ్దుల్లా రెండో కూతుర్ని మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చెయ్యాలి. ఎవరా అల్లుడు? రెండు నెలల కిందట ఊరిని దోచుకున్న సైన్యానికి నాయకత్వం వహించినవాడు. ఏప్రిల్ మొదట్లో పెళ్ళి అయిపోయింది. తనని ఇరాన్‌కి పంపకుండా ఇంట్లోనే ఉంచుకున్న తండ్రి ఆవిడకి ఆ రోజు గుర్తొచ్చి ఉంటాడు. మనవరాలి విషయంలో ఆవిడ ఆ పని చెయ్యలేకపోయింది.

ఆవిణ్ణి దేవతని చేసి పూజించాలని నాకు లేదండీ. ఆ కోటి రూపాయలు ఆవిడ పుట్టింటి నగలమ్మి కట్టలేదు. గోల్కొండలో భూమిశిస్తు వసూలుని వేలం పాటలో ఎక్కువ పాడినవాడికి ఇచ్చేవారు. పాడినవాడు రైతు దగ్గర పిండేవాడు. అంటే రాజమాత ఒప్పుకున్న జరిమానా చివరికి ఏ పల్లెలోనో ఒక రైతు ఇంటి గాదె అడుక్కి వెళ్ళి తాకింది. ఆ గాదెలో గింజలు కొలిచి పిల్లలకి వండే ఆడదాని చేతిని తాకింది. పెద్దవాళ్ళ బెదిరింపుల ఖర్చు ఎప్పుడూ చిన్నవాళ్ళ వంటింట్లోనే తేలుతుంది.

సరే, గోల్కొండ పద్దు చూశాం. మరి బెదిరించినవాళ్ళ పద్దో? మావాడికి అసలు చెప్పాలనుకున్నది ఇదే.

ఆ కొత్త అల్లుడు మహమ్మద్ సుల్తాన్ మూడేళ్ళు దాటగానే, అన్నదమ్ముల పోరులో తండ్రిని వదిలి పినతండ్రి షుజా పక్షానికి దూకి, అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. తరవాత తండ్రి చేతికే చిక్కి, మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం చెరలోనే గడిపి 1676లో పోయాడు. పిల్లనిచ్చి కొనుక్కున్న చుట్టరికం గోల్కొండకీ అక్కరకి రాలేదు, ఢిల్లీకీ అక్కరకి రాలేదు. తన మంత్రిపదవిని తాకట్టు పెట్టి మొగలుల్ని ఇంటి మీదికి తెచ్చిన మీర్ జుమ్లా, ఔరంగజేబు కోసం అస్సాం మీదికి యుద్ధానికి పోయి, అక్కడి వానలకీ జబ్బులకీ సైన్యాన్ని పోగొట్టుకుని, తిరుగుదారిలో 1663లో ప్రాణం విడిచాడు. దక్కనులో చెయ్యి కట్టేశారన్న కోపంతో రగిలిన ఔరంగజేబు రెండేళ్ళకే, 1658లో, దారా సైన్యాన్ని ఓడించి తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు.

ఇంకొకటి కూడా చూడండి. ఔరంగజేబు గోల్కొండ మీద కన్నేసి ఉన్న ఆ 1656 జనవరిలోనే, పడమటి కొండల్లో శివాజీ జావళిని గెలుచుకున్నాడు. అప్పుడది ఎవరికీ పెద్ద వార్త కాదు. కానీ రోజూ బెదిరించేవాడి పక్కన బతికేవాళ్ళు ఏం చేస్తారు? ఇంకో బలవంతుణ్ణి వెతుక్కుంటారు. 1677లో ఆ శివాజీకే హైదరాబాద్‌లో ఘనంగా స్వాగతం చెప్పి, తానాషా సైన్యం ఖర్చులకి డబ్బు కూడా ఇచ్చాడు. మొగలుల భయమే మొగలుల శత్రువుకి బొక్కసం అయింది.

ఈ కాలంలో కూడా అంతే. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగిన రష్యా, మూడు రోజులకే అణుబలగాలని అప్రమత్తం చేశామని ప్రకటించింది, పక్క దేశాలు దూరంగా ఉండాలని. ఏమైంది? దశాబ్దాలుగా ఏ కూటమిలోనూ చేరకుండా ఉన్న ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో వెళ్ళి నాటోలో చేరిపోయాయి. ఎవరు దగ్గరికి రాకూడదని బెదిరించారో వాళ్ళే గడప దాకా వచ్చారు.

అణ్వస్త్రాల మాట వచ్చింది కాబట్టి మా ఇంటి కథ కూడా ఒకటి చెప్పాలి. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక, మన సైన్యాన్నంతా సరిహద్దుకి తరలించారు. మూడేళ్ళ కిందటే, 1998లో, ఇటూ అటూ అణుపరీక్షలు జరిగి ఉన్నాయి. రెండు దేశాలూ ఎదురెదురుగా పది నెలలు నిలబడ్డాయి. మా మేనమామ కొడుకు అప్పుడు రాజస్థాన్ సరిహద్దులో ఉన్నాడు. నేను పదో తరగతి లోపే. బావకి అప్పటికి సంబంధం కుదిరి ముహూర్తం పెట్టారు. సెలవు దొరకలేదు, వాయిదా. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా. పెళ్ళికూతురి వాళ్ళింట్లో గుసగుసలు మొదలయ్యాయి. మా అత్తయ్య టీవీ ముందు కూర్చుని అన్నం కలిపి కలిపి వదిలేసేది. యుద్ధం రాలేదు. 2002 అక్టోబరులో సైన్యం వెనక్కి మళ్ళడం మొదలైంది. బావ వచ్చాడు, పెళ్ళయింది. కానీ ఇసకలో మందుపాతరలు పరిచేటప్పుడు తనతో ఉన్న ఒక కుర్రాడు తిరిగి రాలేదని, ఆ సంగతి మాత్రం చాలా ఏళ్ళ తరవాత ఒకసారి భోజనాల దగ్గర చెప్పి లేచి వెళ్ళిపోయాడు. జరగని ఆ యుద్ధంలో మందుపాతరల వల్లా, ప్రమాదాల వల్లా, ఇంకా రకరకాల కారణాల వల్లా మనం పోగొట్టుకున్న సైనికులు 798 మంది అని 2003లో రక్షణమంత్రి పార్లమెంటులో చెప్పారు. పాతరలు పెట్టిన పొలాల్లో రైతులు సేద్యం చేసుకోవడానికి లేకపోయింది. అక్క, అదే బావ భార్య, అచ్చయిపోయి పంచకుండా మిగిలిన ఆ రెండు శుభలేఖల్నీ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంది.

మళ్ళీ గోల్కొండకొస్తాను. మా సాహెబా 1667లో కన్ను మూసింది. బేరం చేసి తెచ్చిన శాంతిలో పదకొండేళ్ళు ఆవిడ కళ్ళారా చూసింది. 1672లో అబ్దుల్లా పోయాడు. ఆయన మూడో అల్లుడు అబుల్ హసన్, మన తానాషా, గద్దెనెక్కాడు. అక్కన్న మాదన్నలు మంత్రులయ్యారు. రామదాసు కథ వల్ల వీళ్ళందరూ మనకి చుట్టాల్లాంటివాళ్ళే, వేరే చెప్పక్కర్లేదు.

1687లో ఔరంగజేబు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆపడానికి ఢిల్లీలో తండ్రి లేడు, అన్న లేడు. పల్లకీ ఎక్కడానికి మా సాహెబా లేదు. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. కోట గోడ కింద మొగలులు తవ్వి పెట్టిన మందు వెనక్కి పేలి వాళ్ళ సైనికులనే వందల్లో పొట్టన పెట్టుకుంది. వానలకి మూసీ పొంగింది, ధాన్యం బళ్ళు రాలేదు. లోపలివాళ్ళకంటే ముందు బయటివాళ్ళు ఆకలితో మాడారు, అంటురోగాలతో పోయారు. చివరికి సెప్టెంబరు 21న కోట తలుపు తెరుచుకుంది బలంతో కాదు, లంచంతో. ఒక సర్దారు లోపలి నుంచి గడియ తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే ఒక్క వీరుడు ఒళ్ళంతా డెబ్భై గాయాలతో పడిపోయేదాకా పోరాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గెలిచినవాడికి దాదాపు 7 కోట్ల రూపాయల నగదు దొరికిందని చరిత్రకారుల లెక్క. నగలూ, వెండి బంగారు సామానూ అదనం. 1656లో కోటి తీసుకుని వెళ్ళినవాడికి ఇప్పుడు ఏడు కోట్లు! చూడ్డానికి లాభమే. కానీ గోల్కొండ, బీజాపూర్ రాజ్యాలు పోయాక వాటి సైనికులు పొట్ట చేతపట్టుకుని మరాఠాల వెంట పోయారు. ఎవరితో సంధి చేసుకోవాలో కూడా తెలియని యుద్ధం మిగిలింది. 1681లో దక్కనుకి వచ్చిన ఔరంగజేబు మళ్ళీ ఢిల్లీ మొహం చూడలేదు. ఇరవై ఆరేళ్ళు గుడారాల్లోనే గడిపి 1707లో అహ్మద్‌నగర్ దగ్గర కన్ను మూశాడు. సైన్యానికి జీతాలు ఏళ్ళ తరబడి బకాయి. ఆ ఏడు కోట్లూ ఎక్కడికి పోయాయో, ఎన్నో కోట్లు వాటి వెంట పోయాయి. ఆయన పోయిన పదిహేడేళ్ళకి, 1724లో, ఆయన సామ్రాజ్యం నుంచే వచ్చిన నిజాం దక్కనులో తన పాలన తను చేసుకోవడం మొదలుపెట్టాడు. గోల్కొండని పూర్తిగా మింగినందుకు మొగలులకి దక్కింది ముప్పై ఏడేళ్ళు. మా సాహెబా కోటి కట్టి, మనవరాలినిచ్చి తెచ్చుకున్నది ముప్పై ఒక్క ఏళ్ళు. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి చూసుకుంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇంతకీ, ఆవిడకున్న వెసులుబాటు ఒకటి ఇప్పుడు లేదు. పల్లకీ ఎక్కి శిబిరానికి వెళ్ళి, కూర్చుని, ఏడ్చి, బేరమాడి రావడానికి ఆవిడకి దాదాపు రెండు నెలల ముట్టడి కాలం దొరికింది. ఢిల్లీ నుంచి ఉత్తరం రావడానికి గుర్రానికి పట్టినన్ని రోజులు దొరికాయి. ఆలస్యమే ఆవిడకి ఆయుధం. 1962లో క్యూబా గొడవప్పుడు అమెరికా, రష్యా అధినేతలకి 13 రోజులు దొరికాయి, అదృష్టం. పక్కపక్క దేశాల మధ్య క్షిపణి లేస్తే నిమిషాల లెక్క. ఆ నిమిషాల్లో ఏ తల్లి ఎక్కడికని పల్లకీ కట్టించుకుంటుంది?

కథ విని మావాడు ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. మూడు రోజులకి, మే 10న, కాల్పులు ఆగిపోయాయని వార్త వచ్చింది. మా అత్తగారు మళ్ళీ వడియాల పిండి కలిపారు.

స్కూళ్ళు తెరిచే ముందు ఒక ఆదివారం వాణ్ణి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాను. మా బౌరంపేట్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఎంతసేపు! రాజుల గుమ్మటాల మధ్య, వాళ్ళవాటికేమీ తీసిపోకుండా, హయాత్ బక్షీ బేగం గుమ్మటం ఉంది. పక్కనే ఆవిడ ఆఖరి రోజుల్లో కట్టిన పెద్ద మసీదు. 1687 ముట్టడిలో మొగల్ సైనికులు ఈ సమాధుల్లోనే మకాం పెట్టారట. ఏ సైన్యాన్ని ఆవిడ ఒకసారి వెనక్కి పంపిందో ఆ సైన్యమే వచ్చి ఆవిడ తల దగ్గర పొయ్యిలు వెలిగించుకుని వంట చేసుకుని ఉంటుంది. రాతి గోడ చల్లగా ఉంది. మావాడు దాని మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఫోను తీసి ఏదో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. కోటి రూపాయలని ముప్పై ఒక్క ఏళ్ళతో భాగిస్తే ఏడాదికి 3,22,580 రూపాయల చిల్లర పడిందమ్మా అన్నాడు. పరవాలేదు, చవకే అన్నారు మావారు స్టీరింగు తిప్పుతూ. దుండిగల్ దగ్గర రోడ్డు దిగుతుంటే మావాడు మళ్ళీ అడిగాడు, మరి ఆ మనవరాలిని ఎంత కింద వెయ్యాలి అని.